పాస్‌పోర్టుకు తొమ్మిదేళ్లు నిండాయా? ఇక ఆగకండి

ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టర్‌గా చేశాను. మహబూబ్‌నగర్ డిపో. నారాయణపేట, కోస్గి, హైదరాబాద్ రూట్లలో ఎన్ని వేల బస్ పాసులు చేతిలోకి తీసుకుని, తేదీ చూసి, తిరిగి ఇచ్చానో లెక్కలేదు. పాస్ మీద 30 అని ఉంటే ముప్పయ్యో తారీఖు రాత్రి ఆఖరి బస్సు దాకా అది చెల్లుతుంది. "ఇవాళ్టి దాకా ఉంది సార్" అని కాలేజీ పిల్లలు చూపిస్తే సరే అని ముందుకు పోయేవాణ్ణి. అదే అలవాటుతో నా పాస్‌పోర్టు కూడా చూసుకున్నాను. పాస్‌పోర్టుకు ఆ లెక్క పనికిరాదు. ఈ సంగతి నాకు విమానాశ్రయంలో తెలిసింది. మీకు ఇంట్లోనే తెలియాలని రాస్తున్నాను.

మా బిడ్డ కౌలాలంపూర్‌లో ఉంటుంది. 2024 ఆగస్టు చివర్లో కాన్పు అన్నారు. నేనూ మా ఇంటామె ఆగస్టు 12కు టికెట్లు తీసుకున్నాం. 2023 డిసెంబర్ 1 నుంచి మలేషియా మనవాళ్లను వీసా లేకుండానే ముప్పై రోజుల దాకా రానిస్తోంది. వీసా అక్కర్లేదంటే ఇంకేం చూసుకోవాలి అనుకున్నాం. టికెట్ చేసిన ఏజెంటు పేర్లు రాసుకున్నాడు, పాస్‌పోర్టు పుస్తకాల నంబర్లు రాసుకున్నాడు, గడువు గురించి ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు. నా పాస్‌పోర్టు 2015 జనవరిలో తీసింది. తమ్ముడు దుబాయ్‌లో ఉన్నప్పుడు ఒకసారి రమ్మంటే తీసి, పోకుండా బీరువాలో పెట్టాను. గడువు 2025 జనవరి 20 దాకా ఉంది. పోయేది ఆగస్టు, వచ్చేది సెప్టెంబర్. బోలెడంత టైమ్ ఉందనే అనుకున్నాను.

శంషాబాద్‌లో బ్యాగులు తూకం మీద పెట్టేశాం. ఒక దాంట్లో పసిబిడ్డ కోసం మెత్తబడిన పాత నూలు చీరలు, శొంఠి, వాము, కారప్పూస. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా ఇంటామె పాస్‌పోర్టు చూసి పక్కన పెట్టింది. నాది తెరిచింది. ఆమె బొటనవేలు గడువు తేదీ దగ్గర ఆగింది. తర్వాత వేళ్లు మడుస్తూ లెక్కబెట్టింది. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి. ఐదు వేళ్లూ అయిపోయాయి. ఆరో నెలకు తారీఖు లేదు. మలేషియాలో దిగే రోజు నుంచి పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలట. ఆగస్టు 12 నుంచి ఆరు నెలలంటే ఫిబ్రవరి 12 దాకా ఉండాలి. నాది జనవరి 20కే అయిపోతుంది. ఇరవై మూడు రోజులు తక్కువ.

"సార్, మిమ్మల్ని పంపలేం, మేడమ్ వెళ్లొచ్చు" అంది. మా ఇంటామె నా చెయ్యి పట్టుకుని "నువ్వు లేకుంట నేనెట్ల పోతా" అంది. అంతకుముందు ఆమె విమానం ఎక్కింది లేదు. "బిడ్డ కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తుంటది, నువ్వు పో" అన్నాను. అదే విమానానికి పోతున్న జడ్చర్ల పిల్లవాడు ఒకడు "నేను తోడుంటాను పెద్దాయనా, బయట మీ అల్లుడికి అప్పజెప్పిందాకా వదిలిపెట్టను" అన్నాడు. ఆ మాట మీద పంపించాను. నా బ్యాగు వెనక్కి తీసుకుని, శంషాబాద్ దగ్గర పాలమూరు బస్సు ఎక్కి ఇంటికి వచ్చాను. టికెట్ డబ్బులు పోయాయి. ఆ బాధ కంటే, మొదటి కాన్పుకు బిడ్డ దగ్గర లేకపోవడం ఎక్కువ బాధ.

కౌంటర్ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఏ దేశమైనా ఇలాంటి నియమం పెట్టడానికి కారణం ఉంటుంది. అక్కడికి పోయాక మనిషి ఆస్పత్రిలో పడొచ్చు, విమానాలు ఆగిపోవచ్చు, తిరిగి రావడం ఆలస్యం కావచ్చు. అప్పటికీ చేతిలో చెల్లే పుస్తకం ఉండాలి. పత్రాలు సరిగ్గా లేని ప్రయాణికుణ్ణి దింపితే ఎయిర్‌లైన్స్ వాళ్లకు జరిమానా పడుతుంది, వెనక్కి తెచ్చే బాధ్యత కూడా వాళ్లదే. అందుకే అక్కడి ఇమిగ్రేషన్ దాకా పోనివ్వరు, ఇక్కడే ఆపేస్తారు. బతిమాలినా లాభం ఉండదు.

ఇందులో ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. వీసా కావాల్సిన దేశమైతే, వీసా అప్లికేషన్ పెట్టినప్పుడే గడువు తక్కువ ఉందని తిరగ్గొడతారు. అప్పటికి ఇంకా టైమ్ ఉంటుంది. మలేషియా లాంటి చోట్లకు వీసా లేకుండా పోయేటప్పుడు మధ్యలో ఎవరూ పుస్తకం తెరిచి చూడరు. మొదటిసారి చూసేది విమానాశ్రయం కౌంటర్‌లోనే. కాబట్టి వీసా అక్కర్లేదన్న చోటికే మనం ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇక ఏ దేశానికి ఎంత గడువు ఉండాలి? మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్, ఇండోనేషియా, దుబాయ్ ఉన్న యూఏఈ, ఇవన్నీ ఆరు నెలలు అడుగుతాయి. అక్కడ దిగే రోజు నుంచి లెక్క. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ లాంటి, ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల లెక్క వేరు. అక్కడి నుంచి బయలుదేరే రోజు తర్వాత ఇంకో మూడు నెలలు ఉండాలి, పైగా పాస్‌పోర్టు గత పదేళ్ల లోపల ఇచ్చిందై ఉండాలి. బ్రిటన్‌కు ఉన్నన్ని రోజులూ చెల్లితే చాలు. నేపాల్‌కు మనవాళ్లకు పాస్‌పోర్టే అక్కర్లేదు, ఓటర్ కార్డుతో పోవచ్చు. దారిలో విమానం మారే చోట బయటికి వచ్చి ఒక రాత్రి ఉండేటట్టయితే ఆ దేశం నియమం కూడా చూడాలి. దుబాయ్‌లో రెండు రోజులు ఆగి అమెరికా పోదాం అనుకునేవాళ్లు దీన్ని మరిచిపోతారు.

అమెరికా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు పిల్లల దగ్గరికి పోయివచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఆరు నెలల నియమం నుంచి అమెరికా కొన్ని దేశాలకు సడలింపు ఇచ్చింది, ఆ జాబితాలో మన దేశం కూడా ఉంది. అయినా గడువు దగ్గరపడిన పుస్తకంతో పోవద్దనే అంటాను. అక్కడ దిగినప్పుడు ఎన్నాళ్లు ఉండొచ్చో ఐ-94 అనే రాకపోకల రికార్డులో రాస్తారు. ఆ తేదీని పాస్‌పోర్టు గడువు దగ్గరే ఆపేస్తుంటారు. హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం. చేతిలో మూడేళ్ల అనుమతి కాగితం ఉన్నా, ఐ-94 మీద మాత్రం పాస్‌పోర్టు అయిపోయే తేదీ పడుతుంది. అది చూసుకోకుండా ఆ తేదీ దాటితే పెద్ద చిక్కు. సెలవులకు ఇంటికి వచ్చిన కొడుకు పాస్‌పోర్టు ఒకసారి అడిగి చూడండి. తిరిగి పోయాక ఐ-94 తీసి చూసుకొమ్మని చెప్పండి.

ఇప్పుడు అసలు మాట. గడువు తేదీకి ఏడాది ముందు నుంచే రీ-ఇష్యూకు, అంటే పాతదాని బదులు కొత్త పుస్తకానికి, అప్లై చేయనిస్తారు. అంటే పదేళ్ల పుస్తకానికి తొమ్మిదేళ్లు నిండిన రోజే తలుపు తెరుచుకుంటుంది. ఆ రోజే చేయండి. "ఇంకా ఏడాది ఉంది కదా, పోగొట్టుకోవడం ఎందుకు" అనేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. నిజమే, పాతదాంట్లో మిగిలిన నెలలు కొత్తదానికి కలపరు. కొత్తది ఇచ్చిన రోజు నుంచి పదేళ్లు. కానీ ఆ మిగిలిన నెలల్లో ఆఖరి ఆరూ చాలా దేశాలకు ఎలాగూ పనికిరావు. పోయి ఉండేందుకు నెల, కొత్త పుస్తకం రావడానికి నెలో రెండు నెలలో తీసేస్తే ఇంకేం మిగిలింది? రీ-ఇష్యూకు మామూలు ఫీజు 36 పేజీలకు 1,500 రూపాయలు, 60 పేజీలకు 2,000. దాన్ని పదేళ్లకు పంచి చూడండి, ఒక ఏడాది వదులుకుంటే పోయేది ఎంతో తెలుస్తుంది. నేను పోగొట్టుకున్న టికెట్ ముందు అది లెక్కలోకే రాదు.

అప్లై చేసే పద్ధతి చెబుతాను. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్ ప్రభుత్వానిది, చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. అలా లేనిది తెరిస్తే వెంటనే మూసేయండి. అదే పేరు, అదే రంగులతో దొంగ సైట్లు ఉన్నాయి, డబ్బులు కట్టించుకుంటాయి. ఫోన్‌లో ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్‌తో కూడా చేయొచ్చు. లాగిన్ అయ్యాక 'ఫ్రెష్' కాదు, 'రీ-ఇష్యూ' ఎంచుకోవాలి. కారణం అడిగితే, గడువు మూడేళ్ల లోపు ముగిసింది లేదా ముగియబోతోంది అన్నది ఎంచుకోవాలి. మూడేళ్లు దాటిన వాళ్లకు వేరే గడి ఉంది. ఫారం నింపి డబ్బులు కడితే అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. అపాయింట్‌మెంట్ రసీదు మీద ఏఆర్ఎన్ అనే అప్లికేషన్ నంబరు ఉంటుంది, అది దాచుకోండి. ఆ రోజు పోవడం కుదరకపోతే తేదీ మార్చుకోవచ్చు, కట్టిన డబ్బు ఏడాది దాకా చెల్లుతుంది.

మామూలు పద్ధతిలో అయితే హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి. ఒరిజినల్ పాత పాస్‌పోర్టు, దాని మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీల జిరాక్సులు, వాటి మీద మీ సంతకం, ఆధార్. చిరునామా మారకపోతే చాలావరకు ఇంతే. ఫొటో, వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు.

చిరునామా దగ్గర మన వైపు వాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల అప్పుడే వచ్చాయి. అటు నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి విడిపోయాయి. నారాయణపేట 2019లో జిల్లా అయింది. అంతకు ముందు తీసిన పాస్‌పోర్టులో అచ్చంపేట ఆయనకు కూడా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంటుంది. ఫారంలో పాతది చూసి ఎక్కించకండి. ఇప్పటి జిల్లా, ఇప్పటి పోలీస్ స్టేషన్ రాయండి. పోలీస్ స్టేషన్ తప్పు పడితే ఎంక్వయిరీ కాగితం ఇంకో ఊరికి పోతుంది, అది తిరిగి రావడానికి వారాలు పడుతుంది. ఆధార్‌లో పాత జిల్లానే ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి.

ఇంటిపేరు గడి కూడా చూడండి. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో పేరు ఒకటే ఉండి, ఇంటిపేరు దగ్గర ఖాళీగా ఉంటుంది. అలా ఒకే పేరున్న వాళ్లను యూఏఈ 2022 నవంబర్ నుంచి విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. రీ-ఇష్యూకు ఎలాగూ పోతున్నారు కాబట్టి ఇంటిపేరు అప్పుడే పెట్టించుకోండి. పేరులో మార్పు ఉంటే కాగితాలు ఎక్కువ అడుగుతారు, టైమూ ఎక్కువ పడుతుంది. తొమ్మిదేళ్లకే మొదలుపెట్టమనడానికి ఇది ఇంకో కారణం.

నాలాగా చివరి నిమిషంలో ఇరుక్కుంటే తత్కాల్ ఒక్కటే దారి. 36 పేజీలకు మొత్తం 3,500 రూపాయలు. నేను ఇంటికి వచ్చిన రాత్రే మా అన్న కొడుకు ఫోన్‌లో ఫారం నింపాడు. మధ్యలో ఆగస్టు 15 సెలవు. అపాయింట్‌మెంట్ 22న బేగంపేటలో దొరికింది. ఆధార్, ఓటర్ కార్డు, పాన్, పాత పాస్‌పోర్టు పట్టుకుపోయాను. పొద్దున తొమ్మిదిన్నరకు లోపలికి పోయి, 'ఏ' కౌంటర్‌లో ఫొటో, 'బీ'లో కాగితాల పరిశీలన, 'సీ'లో ఆఖరి మంజూరు అన్నీ చూసుకుని పదకొండున్నరకల్లా బయటికి వచ్చాను. కొత్త పుస్తకం 28న స్పీడ్ పోస్టులో వచ్చింది. దాన్ని పేరున్న మనిషి చేతికే ఇస్తారు. తాళం వేసి ఉంటే వెనక్కి పోతుంది. పోస్ట్‌మ్యాన్ ఫోన్ చేస్తే ఎత్తండి, ఆధార్ చేతిలో పెట్టుకోండి.

తత్కాల్‌లో పుస్తకం ముందు వస్తుంది, పోలీసు ఎంక్వయిరీ తర్వాత జరుగుతుంది. చేతికి వచ్చింది కదా అని విమానం ఎక్కేస్తే, కానిస్టేబుల్ వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండడు. నేను మా స్టేషన్‌కు పోయి, ఫలానా తేదీన పోతున్నాను, ఈలోపు వచ్చి చూడండి అని నా నంబరు ఇచ్చాను. మర్నాడే వచ్చి ఇంటి ముందు ఫొటో తీసుకుని పోయారు. అడిగితే చేస్తారు, అడగడానికి వెనకాడకండి.

కొత్త పాస్‌పోర్టు వచ్చిందంటే నంబరు మారిందని అర్థం. దీంతో ముడిపడినవి చాలా ఉన్నాయి. సింగపూర్, యూఏఈ, ఆస్ట్రేలియా లాంటి చోట్ల వీసా కంప్యూటర్‌లో పాస్‌పోర్టు నంబరుతో ఉంటుంది. పాత నంబరు మీద వచ్చిన వీసాతో కొత్త పుస్తకం పట్టుకుని పోతే ఆపేస్తారు. అందుకే ముందు పాస్‌పోర్టు, తర్వాత వీసా, ఆఖరున టికెట్. ఈ వరుస తప్పకండి. మలేషియాకు వీసా లేకపోయినా, దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, అందులో కొత్త నంబరే ఉండాలి. టికెట్ బుకింగ్‌లో కూడా నంబరు మార్పించండి.

అమెరికా వీసా మాత్రం పుస్తకంలో అతికించి ఉంటుంది. పాత పాస్‌పోర్టు రద్దయినా, అందులోని పదేళ్ల వీసా గడువు దాకా చెల్లుతుంది. పాతదీ కొత్తదీ రెండూ పట్టుకుపోవాలి. రీ-ఇష్యూకు పోయినప్పుడు కౌంటర్‌లో పాతదాని మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి తిరిగిచ్చేస్తారు. ఇందులో చెల్లే వీసా ఉందని ముందే చెప్పి ఆ పేజీ చూపించండి. వీసాను పీకి కొత్తదాంట్లో అతికించే పని ఎవరు చెప్పినా చేయొద్దు. అది చిరిగితే వీసా పోయినట్టే.

మక్తల్, కోస్గి వైపు నుంచి గల్ఫ్‌కు పనికి పోయే పిల్లలకు ఒక మాట. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు పని మీద గల్ఫ్‌కు పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి, దానికి కూడా పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలలు ఉండాలి. రెండేళ్ల ఒప్పందం మీద పోతూ ఏడాది గడువున్న పుస్తకం పట్టుకుపోతే అది అక్కడ అయిపోతుంది. అక్కడి మన ఎంబసీ ద్వారా కొత్తది తీసుకోవచ్చు. కానీ సెలవు దొరకాలి, ఎక్కడో ఎడారిలో ఉన్న క్యాంపు నుంచి పట్నం దాకా రావాలి. సౌదీలో అయితే తర్వాత ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు రికార్డులో కొత్త నంబరు ఎక్కించాలి. ఇవన్నీ పడలేక ఊరుకుని, ఇంట్లో తల్లి చనిపోయినప్పుడు రాలేకపోయినవాణ్ణి నేనెరుగుదును. పోయే ముందే కొత్తది తీసుకుని పొండి, అన్నా.

పదిహేనేళ్ల లోపు పిల్లల పాస్‌పోర్టు పదేళ్లది కాదు, ఐదేళ్లదే. కుటుంబంతో పోయేటప్పుడు ముందు చిన్న పిల్లవాడి పుస్తకం తెరవండి. దానికి నాలుగేళ్లు నిండాయంటే అప్లై చేయాల్సిందే. తల్లిదండ్రులిద్దరూ సంతకాలు పెట్టాలి కాబట్టి, తండ్రి వేరే దేశంలో ఉంటే కాగితాలకు ఇంకొంచెం ముందు నుంచి కదలాలి.

ఏదైనా అనుమానం ఉంటే 1800-258-1800కు ఫోన్ చేయండి. పాస్‌పోర్టు సేవా వాళ్ల ఉచిత నంబరు అది.

నేను మలేషియా పోయింది సెప్టెంబర్ 4న. మనవరాలు పుట్టి అది తొమ్మిదో రోజు. తలుపు తీసేసరికి మా ఇంటామె నూలు చీర ముక్కలో చుట్టిన బిడ్డను తెచ్చి నా చేతిలో పెట్టింది. అక్టోబర్‌లో కౌలాలంపూర్‌లోని మన హైకమిషన్ నుంచి ఆ పిల్లకు పాస్‌పోర్టు వచ్చింది. అల్లుడు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. 2029 దాకా ఉంది. పుస్తకం మీద ఏమీ రాయకూడదు, ఏమీ అతికించకూడదు. అందుకే ఒక చిన్న చీటీ మీద "2028 అక్టోబర్, అప్లై" అని రాసి ప్లాస్టిక్ కవర్ లోపల పెట్టమన్నాను. మా ఇద్దరి కవర్లలోనూ అలాంటి చీటీలే ఉన్నాయి. నాదాంట్లో 2033 ఆగస్టు అని ఉంది.